పదిహేడో పేజీ గురించి

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. అలా రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. నాకు మాత్రం మీ మీద చాలా కోపంగా ఉంది.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. అలల మీద పలకెక్కి తిరిగే మీ విండ్‌సర్ఫింగ్ తెరచాప చిరుగు రెండు వరసలు కుట్టాను, ఇక చిరగదు. మీ అమ్మగారి దగ్గు తగ్గింది. రోడ్డు ఇసుకలో కలిసిపోయిన చోట బండి దిగబడిందనీ, ముగ్గురు వచ్చి నెట్టారనీ, మనిషన్నవాడు లేని ఆ తీరంలో గొప్ప అలలు దొరికాయనీ రాశారు. మనిషన్నవాడు లేకపోతే బండి నెట్టిన ఆ ముగ్గురూ ఎవరండీ?

అలలాటకు పనికొచ్చే తీరాల గురించి మీరు రాసిన పుస్తకం కట్ట అచ్చాపీసుకు పంపానా అని అడిగారు. పంపాను. పంపేముందు విప్పి చదివాను. కూడబలుక్కుంటూ చదవడానికి నాలుగు రోజులు పట్టింది.

పదిహేడో పేజీ మా అమ్మ ఉండే తీరం. 'మట్టిదారి చివర. జనావాసం లేదు. బండి ఎక్కడైనా ఆపుకోవచ్చు. సర్ఫింగ్ కొత్తగా నేర్చుకునేవారికి క్షేమం' అని రాశారు. అలలకు యాభై అడుగుల దూరంలో మా అమ్మ ఇల్లుంది. తడిసి వణుకుతూ వచ్చిన మీకు మా నాన్న చొక్కా ఇచ్చింది ఆ ఇంట్లోనే.

పుస్తకం ఇంకా రానేలేదు, మీ స్నేహితుడు అప్పుడే ఆరు బళ్ళు తీసుకొచ్చాడు. అమ్మ చేపలు ఎండబెట్టుకునే చోటే ఆపారు. ఇదేం పని నాయనా అని అడిగితే, "మీ అల్లుడు కనిపెట్టిన చోటేగా పిన్నిగారూ" అన్నాడట.

"అలాగా! మరి నలభై ఏళ్ళుగా నేను ఎవరి చోట్లో ఉన్నాను?" అందట అమ్మ.

అది నవ్వి ఊరుకునే మాట. ఊరుకోలేనిది ఇంకోటుంది. మీరు అక్కడున్నది రెండు పూటలు, రెండుసార్లూ సముద్రం పోటు మీదుంది. ఆటుకు నీళ్ళు తీస్తే ఎడమవైపు బండరాయి మోకాలి లోతులోకి వస్తుంది. మా నాన్న పడవ పగిలింది దాని మీదే. ఆ మాట చెప్పబోతే మీ స్నేహితుల ముందు, "నీకేం తెలుసు, లోపలికెళ్ళు" అన్నారు. వెళ్ళాను. సిగ్గుపడి వెళ్ళాను గానీ, ఒప్పుకుని కాదు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతున్నాను. మీరు రాసిన ఆ పేజీ కట్టలో పెట్టలేదు. దాని బదులు నేనొకటి రాసి పెట్టాను. 'ఇక్కడ ఒక ఆవిడ కాపురం ఉంటోంది. ఆమెను అడిగి దిగండి. ఆటు సమయంలో దిగవద్దు, ఎడమవైపు రాయి ఉంది' అని. ఎన్ని తప్పులు వచ్చాయో తెలియదు. రాయి సంగతిలో మాత్రం తప్పు లేదు.

నిన్న అచ్చాపీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఒక్క పేజీ చేతిరాత వేరుగా ఉంది, అలాగే వేయమంటారా అని మిమ్మల్ని అడిగారు. మీ సంతకం నేను పెట్టలేదు. రాసింది నేనే, అలాగే వేయండి అని నా పేరుతోనే జవాబు రాశాను. ఆ ఉత్తరమూ ఇదీ ఒకే పెట్టెలో వేస్తున్నాను. వాళ్ళకు రేపే అందుతుంది. ఎక్కడెక్కడి రోడ్లలోనో తిరిగే మీకు చేరేసరికి పది రోజులు పట్టవచ్చు.

ఇట్లు,
మీ భార్య