కోసేసిన ఆఖరి మాట

అవ్వా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి మంచి కబురు ఇది. నాకు ఫెలోషిప్ వచ్చింది. మనలాంటి దేశాల్లో కొత్తగా పీహెచ్‌డీ ముగించినవాళ్లకు ఇస్తారు. ఏడాది పాటు విదేశంలో ఉండి నీ కలుపు పాటల మీద పని చేసుకోవచ్చు, ఖర్చంతా వాళ్లదే. నువ్వుంటే ఆదివారం చర్చిలో నన్ను పక్కన నిలబెట్టుకుని, దేవుడు చేసిన మేలు ఇదని అందరి ముందు సాక్ష్యం చెప్పేదానివి.

నేను చెప్పిన సాక్ష్యం వేరు. ఇంటర్వ్యూలో ఒకామె, ఈ పాటలు పాడినావిడ మీకెలా తెలుసని అడిగింది. జమ్మలమడుగు పక్క పల్లెలో కూలికి పోయే ఒక ముసలామె, సర్వేకు వెళ్లినప్పుడు కలిసింది అన్నాను. మా అవ్వ అనడానికి నోరు రాలేదు. ఇంట్లో విన్న పాటలు రాసుకొచ్చి పరిశోధన అంటోంది అనుకుంటారని భయపడ్డాను. కూలీ మనవరాలినని తెలియడం కూడా ఇష్టం లేకపోయింది. పేరు అడిగితే, గోప్యత పాటించాలి కదా అన్నాను. ఆమె మెచ్చుకోలుగా తలూపింది.

దరఖాస్తుతో పంపిన రికార్డింగు చివర కొంత కోసేశాను. కోయనిది ఫోన్‌లో ఉంటే ఈరోజు విన్నాను. వేరుశనగ చేలో పాట అయిపోగానే నీ గొంతు వినిపిస్తుంది.

"బాగొచ్చిందా పాపా? శానాసేపు ఎండలో నిలబడినావు, రా, నీళ్లు తాగు."

"ఎవురుమే ఆ పాప?" అని పక్క సాలులో ఎవరో అడుగుతారు.

"నా మనమరాలు. పెద్ద సదువు సదువుతాండాది" అని చేనంతా వినపడేట్టు చెప్తావు.

నేను కోసేసింది ఆ మాటనే అవ్వా.