ద్రాక్షతోటల దారి పట్టిన రాజన్న

గురువారం, సల్వా

రాజన్న మాకు ద్రోహం చేశాడు.

ఈ గల్ఫ్‌లో మాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ కుటుంబం నెల రోజులు జర్మనీలో, నది వెంట ద్రాక్షతోటల దారిలో తిరగబోతోంది. వాళ్లు లేనప్పుడు మమ్మల్ని చుట్టాల ఇళ్లలో పనికి పెడతారు. ఈసారి వంటింటి లక్ష్మక్క, తను, నేను ఒక్కమాటగా సెలవు అడుగుదామని ఒట్టు వేయించింది రాజన్నే. కఫీల్ భార్య, మేమంతా మామా అని పిలిచే యజమానురాలు, "సామాను మోయడానికి నువ్వు రా" అనగానే తలూపాడు. నేను కరపత్రాల్లో చదివిన ఐక్యత ఒక్క వీసాకు తెగిపోయింది.

"గా నది సూసొస్త తమ్మీ. నీకేం పోయింది?" అన్నాడు.

నాకేం పోలేదు. లక్ష్మక్క తన కూతుర్ని చూసి మూడేళ్లయింది. ఇప్పుడు ఇద్దరమే అడిగితే వింటారా...

లక్ష్మక్కా, రేపు పొద్దున ఆరింటికి, మామా లేవకముందే, సెలవు సంగతి మాట్లాడుకోవడానికి వంటింట్లో కలుద్దాం. రాజన్నా, నువ్వూ రా. 'నీకేం పోయింది' అన్న ఆ మాట అక్క ముఖం చూసి అను.