ఆరు కిలోల ఆరు వందల గ్రాములు

అక్కకి, నీ తమ్ముడు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ ముగ్గురం కులాసా. మనుషులం ఇద్దరమే, మూడోది కుక్కపిల్ల. అక్కడ నువ్వూ బావగారూ క్షేమమని తలుస్తాను. ఆయన మోకాలు నెమ్మదించిందని రాశావు, సంతోషం. నిచ్చెన మాత్రం ఎక్కనివ్వకు, నువ్వు చూడనప్పుడు ఎక్కే మనిషి ఆయన. మేముంటున్న నీ ఇంటి వంటగది కుళాయి గురించి అడిగావు. వాషరు నేనే మార్చాను, ఇప్పుడు చుక్క కూడా కారడం లేదు.

భవనం సెక్రటరీగారు నీకు ఫోను చేసి, "మీ తమ్ముడు మీటింగులో నన్ను నవ్వులపాలు చేశాడు" అన్నాడట. "నోట్లో నాలుక లేని నువ్వు గెలిచావంటే నమ్మలేకపోయాను రా" అని రాశావు. ఆ మురిపెం ఈ ఉత్తరంతో పోతుంది. అయినా వరసగానే చెప్తాను.

ఈ భవనంలో ఆరు కిలోలు దాటే కుక్క ఉండకూడదని రూలు. పిల్లను తెచ్చుకున్నవాళ్లు దానికి పదహారు వారాలు నిండగానే, పెరిగాక ఎంత తూగుతుందో లెక్క రాసి సంతకం పెట్టివ్వాలి. పెరగని కుక్క బరువు ముందే ఎలా తెలుస్తుందని అడిగావు. తల్లి తూకం చూస్తారు. అమ్మినవాడు తల్లి ఆరున్నర అన్నాడు, తండ్రిని తనూ చూడలేదట. ఇంకో దారి, పిల్లనే తూచడం. చిన్న జాతివి నాలుగు నెలలకి తమ పూర్తి బరువులో సుమారు సగానికి వస్తాయి. దాన్ని రెట్టింపు చేస్తే అటూ ఇటూగా సరిపోతుంది. పశువుల డాక్టరమ్మ చెప్పింది, పుస్తకాల్లోనూ చూసుకున్నాను.

బొత్తాం (నీ మరదలు పెట్టిన పేరు) మా ఇంటికి వచ్చిన రోజు నుంచీ పొద్దున్నే తిండికి ముందు దాన్ని తూచి పుస్తకంలో రాస్తున్నాను. నా షాపులో ఉన్నవాటిలో మంచి కాటా ఇంటికి తెచ్చాను. ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల కాటాలు బాగుచేస్తున్నాను, అది అబద్ధం చెప్పదని నాకు తెలుసు. పదహారు వారాలు నిండిన పొద్దున సరిగ్గా మూడు కిలోలు తూగింది. రెట్టింపు చేస్తే ఆరు.

మీటింగులో సెక్రటరీగారు ఒప్పుకోలేదు. మూడు కిలోలను పదహారు వారాలతో భాగించి, ఏడాదికున్న యాభై రెండు వారాలతో హెచ్చవేసి, "తొమ్మిదీ ముప్పావు. ఇది కుక్క కాదండీ, దూడ" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను లేచాను.

"ఏడాది నిండిన మీ మనవడి ఎత్తెంత?" అన్నాను.

"డెబ్బై అయిదు సెంటీమీటర్లు. ఎందుకు?"

"మీ లెక్కన నలభై ఏళ్లకి ముప్పై మీటర్లవుతాడు. వాడికి పైకప్పు ఎవరు తీయిస్తారు?"

హాలంతా నవ్వింది. చిన్న జాతి గబగబా పెరిగి ఏడాదిలోపే ఆగిపోతుందని, రోజూ ఒకేలా పెరగదని చెప్పి డాక్టరమ్మ చీటీ ముందు పెట్టాను. ఆరు అని రాసుకుని ముద్ర వేశారు. ఇంతవరకే నీకు తెలుసు.

ఇక తెలియనిది. ఆ మూడు కిలోలు నేను చేసినవి.

ఆ తూకానికి పదకొండు రోజుల ముందు వరకూ బొత్తాం రోజుకి ముప్పై గ్రాములు పెరిగేది. పదహారు వారాలకి మూడు కిలోలు దాటుతుందని నాకు ముందే కనబడింది. నీ మరదలు పొద్దున్నే గిన్నె నింపి పనికి వెళ్తుంది. తను తలుపు వేసుకుని వెళ్లగానే, అది తింటూ ఉండగానే, గిన్నెలోంచి గుప్పెడు తీసేవాణ్ని. పదకొండు రోజులు. మూడు వందల ముప్పై పెరగాల్సింది ముప్పై పెరిగింది. గిన్నెను నాకుతూ నడవా దాకా తోసుకెళ్తోందని నీ మరదలు కంగారుపడి డాక్టరమ్మకి చూపించింది. "ఎంత పెడుతున్నారు?" అంటే కప్పు లెక్క చెప్పింది. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. కాటా తప్పు చెప్పలేదక్కా. దాని మీద పెట్టిన ప్రాణాన్నే నేను తగ్గించాను.

గెలిచిన సాయంత్రం నీ మరదలు గిన్నె నిండా పెట్టింది. బొత్తాం ఆబగా తింటోంది. నిమురుదామని చెయ్యి చాపాను. తినడం ఆపి, గిన్నె వదిలి, గోడ దాకా వెనక్కి జరిగింది. నా చేతినే చూస్తూ నిలబడింది.

నీ మరదలికి అప్పుడే చెప్పాను. "డాక్టరమ్మ అడిగినప్పుడు పక్కనే ఉన్నారు కదా" అంది. తిట్టుంటే బాగుండేది.

మర్నాడు సెక్రటరీగారి గదికి వెళ్లి కాయితం మార్చాలన్నాను.

"ఏం కాటాలాయనా, ఇంకా తగ్గిందా?"

"పెరుగుతుంది. నేను తిండి కోశాను. అసలు తూగాల్సింది మూడు కిలోల మూడు వందలు. ఆరు కిలోల ఆరు వందలని రాసుకోండి."

ఆయన కళ్లజోడు తీశాడు. "మీకేమైనా పిచ్చా? ముద్ర పడిపోయింది. రేపు పెద్దయ్యాక దాన్ని ఎవరు తూస్తారండీ?"

"నేను. రోజూ."

"అలా రాస్తే రూలు ప్రకారం కుక్కని పంపించెయ్యాలి."

"పంపను. ఆరు అని మీరు దేన్ని చూసి పెట్టారో చెప్పండి."

"ముందునుంచీ ఉంది."

"లిఫ్టులో ఆరు వందల కిలోలని రాసుంది. మన పై అంతస్తు ఆయనొక్కడే నూట పది. ఆయన్నే ఎవరూ మెట్లెక్కమనలేదు, దీని ఆరు వందల గ్రాములు ఎక్కువయ్యాయా?"

కాయితంలో పాత అంకె నేనే కొట్టేసి, పక్కన కొత్త అంకె వేసి సంతకం పెట్టాను. ఆరు అని ఒప్పుకుంటే ఆ అంకె నిలబెట్టడానికి అది బతికినన్నాళ్లూ దాని నోటికాడిది లాక్కోవాలి. అది నావల్ల కాదు. వచ్చే మీటింగులో ఈ రూలు తీసెయ్యమని అడుగుతాను. తీయకపోతే మళ్లీ అడుగుతాను.

ఇల్లు నీది కాబట్టి నోటీసు నీ పేరనే వస్తుంది. నీకు తలనొప్పి అనుకుంటే ఒక్క ముక్క రాయి, షాపు వెనక గదిలోకి మారిపోతాం, నిష్ఠూరం ఉండదు. అంతేగాని దాన్ని పంపించెయ్యమని మాత్రం రాయకు. బడిలో మాస్టారు నిలదీసినా, పెళ్లిచూపుల్లో వాళ్లు అడిగినా, నా బదులు నువ్వే జవాబు చెప్పావు. ఈసారి వద్దు. మావాడు అమాయకుడు, తెలియక చేశాడని సెక్రటరీగారికి రాయకు. ఆ పదకొండు రోజులూ తెలిసే చేశాను. ఈ సంతకమూ తెలిసే పెట్టాను.

ఇట్లు,
నువ్వు ఏమన్నా పడటానికి సిద్ధంగా ఉన్న
నీ తమ్ముడు