అద్దాల గది నీడ

మేవిస్‌కు,

ఈ ఉత్తరం రాయకుండానే గడిపేద్దామనుకున్నాను. ఫోను చేస్తే పోయేది, కానీ మీ చెల్లెలు ఐవీ పక్కనే నిలబడి వింటుంటే వాన గురించి తప్ప నా నోట మరో మాట రాదు. ఇక్కడ నేనూ పిల్లీ కులాసా. అక్కడ నీ తుంటి ఎముక అతుక్కుంటోందనీ, టీ కప్పు ఎక్కడ పెట్టాలో ఐవీ నీకింకా నేర్పుతూనే ఉందనీ తెలిసి సంతోషించాను, మొదటిదానికి.

పెరట్లో కట్టించే అద్దాల గదికి గుండ్రమా, చదరమా అని అడిగావు. కంపెనీ మనిషి మళ్ళీ వచ్చి బొమ్మల పుస్తకం పరిచాడు. విక్టోరియా తీరుకి ముందువైపు గుండ్రం, కప్పు మీద ఇనప పువ్వులు. ఎడ్వర్డ్ తీరుకి నాలుగు మూలలూ చక్కగా ఉంటాయి. మూడోది గోడకు చేరేసిన ఏకవాలు కప్పు. అసలీ గదులు పూర్వం దొరలు నారింజ చెట్లకు చలి తగలకుండా కట్టించుకున్నవట, లైబ్రరీలో చదివాను. చెట్ల వంతు అయ్యాక గని కూలీ పెళ్ళాం వంతు రావడానికి ఎన్ని తరాలు పట్టిందో చూడు. సరే, దారి తప్పాను. గుండ్రంలో నీ మంచం పట్టదు. చదరమే ఖాయం చేశాను. జూన్‌లో కడతామన్నారు.

రాల్ఫ్ ఎలా ఉన్నాడని కూడా అడిగావు. అక్కడే వచ్చింది చిక్కు. మన గోడ అవతలే అతని లీకు మడి. ఎవరివి లావో తేల్చే సెప్టెంబరు పోటీకి ఆ ఉల్లికాడల్లాంటి లీకుల్ని పసిపిల్లల్లా సాకుతున్నాడు. మన గది లేస్తే మధ్యాహ్నం నుంచి నీడంతా వాటి మీదే. వెళ్ళి అడిగాను. "మా సంగతి చూడకు విల్ఫ్. నీ నేల, నీ ఇష్టం" అన్నాడు. మన వీధిలో 'నీ ఇష్టం' అంటే ఏమిటో నీకు వేరే చెప్పాలా? తలుపు వేసేసినట్టే. నేను థాంక్స్ చెప్పి, వాన వచ్చేలా ఉందని వచ్చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. పోటీ అయ్యేదాకా పని ఆపమని కంపెనీకి చెప్పేశాను, నీకు చెప్పకుండా. మెట్లు ఎక్కకూడదని డాక్టరు అన్నాడు, ఆ గది లేనిదే నువ్వు రాలేవు, ఈ వేసవంతా నువ్వు ఐవీ వాళ్ళ ముందుగదిలోనే పడుకోవాలి. అన్నీ తెలిసే చేశాను. ముప్పై ఏళ్ళు పక్కపక్కన బొగ్గు తవ్వినవాడితో "నీ లీకులకంటే నా భార్య ముఖ్యం" అనే ఒక్క మాట నోరు దాటి రాలేదు.

నిన్న పొద్దున రాల్ఫ్ తోపుడు బండితో మన వాకిట్లో నిలబడ్డాడు. బండి నిండా లీకులు, వేళ్ళకు మట్టితో సహా. ఇంకా నా బొటనవేలంత లావు కూడా కాలేదు.

"పీకేశాను. ఇక నీ అద్దాలు లేపుకో. మేవిస్ రావాలిగా."

"నిన్ను అడిగానుగా రాల్ఫ్."

"అడిగావు. అడిగినట్టు అడగలేదు. 'నీకేమైనా ఇబ్బందా' అంటే ఎవడైనా ఇబ్బందే అంటాడా? మేవిస్ మంచానికని ఎందుకు చెప్పలేదు? కంపెనీ మనిషి చెబితే తెలిసింది. ఆవిడ నారింజ మొక్కలు పెట్టుకుంటుందేమో అనుకున్నాను."

టీ పెట్టాను. నిలబడే తాగాడు. ఖాళీ మడి వైపు ఇద్దరం చూడలేదు.

ఈ రోజు కంపెనీకి ఫోను చేశాను. జూన్ తేదీ ఇంకెవరికో ఇచ్చేశారట, నవంబరు దాకా ఖాళీ లేదట. ఫోనులో ఉన్న అమ్మాయి క్షమించమంది. పరవాలేదమ్మా, ఏం ఇబ్బంది లేదు అని చెప్పి పెట్టేశాను.

ఇట్లు,
నీ ముసలాయన
విల్ఫ్