వెనక టైరులో నలభై రెండు

మార్చి 3, ఆదివారం

మా ఆయన టూరింగ్ బైక్‌కి ఈ ఇంట్లో గాలి చూసేది నేనే. ఆదివారం పొద్దున్నే, బండి ఇంకా చల్లగా ఉండగా, గేజ్ పట్టుకుని గొంతుక్కూర్చుంటాను. ఆయన కాఫీ తాగుతూ ఎంతుందని అడుగుతాడు. టైరు వేడెక్కాక చూస్తే గేజ్ ఎక్కువ చూపిస్తుందని ఆయనకి చెప్పిందే నేను. ఇవాళ అదే సంగతి తిరిగి నాకే చెప్పాడు, కొత్తగా కనిపెట్టినట్టు. వాళ్ళ రైడింగ్ గ్రూప్‌లో ఉన్న పళ్ళ డాక్టర్ చెప్పిందట. ఒళ్ళు మండింది.

మార్చి 6

పళ్ళు పీకే మనిషికి టైర్లతో ఏం పని?

మార్చి 10, ఆదివారం

నేను కిందికి దిగేసరికే ఆయన గాలి చూసేసుకున్నాడు. చేతిలో కొత్త డిజిటల్ గేజ్. ఎక్కడిదన్నాను. గ్రూప్‌లో అందరూ ఇదే వాడుతున్నారన్నాడు. అందరూ అంటే ఎవరో నాకు తెలియదా? గ్రూప్ ఫోటోలన్నీ చూశాను. ఆవిడ బానే ఉంది. నాకు కుళ్ళుగా ఉంది. ఇక్కడైనా ఒప్పుకోవాలి.

అక్కకి ఫోన్ చేసి చెబితే పడీపడీ నవ్వింది. గాలి మీద కూడా అనుమానమేంటే అంది.

మార్చి 15

రేపు కొండ రోడ్డు మీద రెండు రోజుల ట్రిప్ అట. ఒక్కడినే వెళ్తున్నానన్నాడు, నేను అడక్కముందే. నడుం పట్టేసిన దగ్గర్నుంచి, రెండేళ్ళుగా, నేను బైకెక్కడం లేదు. అయినా రమ్మంటాడేమోనని చూశాను. రానని చెప్పేదాన్నే. అడగాలి కదా.

మార్చి 16, ఉదయం 5.40

ఆయన స్నానానికి వెళ్ళాడు. ఉండబట్టలేక నా పాత గేజ్ పెట్టి చూశాను. ముందు ముప్ఫై ఆరు, సరిగ్గానే ఉంది. వెనక నలభై రెండు.

మళ్ళీ చూశాను. నలభై రెండే.

చెయిన్ పక్కన స్టిక్కర్ మీద రాసే ఉంది. వెనక టైరుకి ఒక్కరైతే ముప్ఫై ఆరు, ఇద్దరైతే నలభై రెండు. సామానెక్కువైనా అంతే కొడతారు. కానీ బండికి సామాను కోసం తగిలించే పక్క పెట్టెలు రెండూ విప్పేసి వరండాలో పెట్టాడు. తీసుకెళ్ళేది భుజాన వేసుకునే ఒక్క బ్యాగు. నేను ఎక్కడం మానేశాక ఆ టైరుకి నలభై రెండు అవసరమే రాలేదు.

వాల్వ్‌లో పిన్నీసు పెట్టి నొక్కాను. బుస్సుమంది. ముప్ఫై ఆరుకి దిగేదాకా వదల్లేదు. ఒక్కడినే అన్నాడుగా, ఒక్కడే వెళ్ళనీ.

నిన్ననే చూసుకున్న గాలి కాబట్టి ఆయన మళ్ళీ చూడలేదు. జాగ్రత్త అన్నాను. హెల్మెట్‌తోనే తలూపి వెళ్ళిపోయాడు.

7.15

గిన్నెలు తోముతున్నాను గానీ మనసు ఇక్కడ లేదు. ఇద్దరి బరువు పడితే ఆ గాలి చాలదు. మలుపుల్లో వెనక టైరు ఊగుతుంది. ఒకసారి నేను వెనక కూర్చున్నప్పుడే ఊగింది. భయపడి ఆయన నడుం గట్టిగా పట్టుకున్నాను. ఇప్పుడు ఆవిడ పట్టుకుంటుంది. పట్టుకుంటే పట్టుకోనీ, పడిపోతేనో?

ఆవిడ పడాలనే ఉంది నాకు. ఆయనకి మాత్రం ఏమీ కాకూడదు. ఒకే బండి మీద అదెలా కుదురుతుంది?

7.30

ఫోన్ చేశాను. టీకి ఆగాడట. వెనక గాలి నేనే తీశానని చెప్పాను. ఆవిడ ఎక్కేముందు ఇద్దరికి సరిపడా కొట్టించమన్నాను.

ఎవరు ఎక్కేముందని అడగలేదు. సరే అన్నాడు.