కన్ను పెట్టని నెమలి

పాపా లావణ్యా,

ఈరోజు నీ సంవత్సరీకం. పొద్దున్నే నీకు అన్నం పెట్టి, ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కాను. గుడ్డ మీద అద్దకం కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం నువ్వు చెక్కిన నెమలి అచ్చులు, రంగులు సర్దిపెట్టిన పెట్టెలన్నీ మోసుకుపోయానమ్మా! "ఇవి అమ్ముడుపోతే చాలు నాయనా" అని ఆస్పత్రి మంచం మీద కూడా అన్నావు కదా.

అంగడి మస్తాన్ అచ్చు చూసి మొహం చిట్లించాడు.

"ఏందప్పా, నెమలికి కన్నే లేదు! ఎవరు కొంటారు?"

మన శిల్పులు విగ్రహానికి కన్ను చివర్న, ప్రతిష్ఠ నాడే తెరుస్తారని, అందుకే ఆ పని నా కూతురు కొన్నవాళ్లకే వదిలిందని చెప్పాను. పక్కనున్న టీచరమ్మ అచ్చును గుడ్డ మీద ఒత్తి, అగ్గిపుల్లతో రంగు చుక్క పెట్టింది.

"అమ్మో, నన్నే చూస్తాండాది!" అని నవ్వింది. బడిపిల్లల కోసమని పెట్టెలన్నీ తీసుకుంది. నా సంతోషం ఏమని చెప్పేది తల్లీ! దారిలో కనబడిన వాళ్లందరికీ చెప్పాను.

"ఇంకా కావాల, బేగా తీసుకరాప్పా" అన్నాడు మస్తాన్. తెస్తానన్నాను.

ఇంటికొచ్చి నీ ఉలి పట్టుకుని కూర్చున్నాను. చూసి చెక్కడానికి నీ చేతి నెమలి ఒక్కటి కూడా ఇంట్లో లేదు పాపా.

మీ నాయన