కొంగు తిప్పి చూసిన మామ

హైదరాబాదు,
ఆదివారం, మధ్యాహ్నం.

చిరంజీవి గోవిందును అక్క కామాక్షమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ మనవరాలు సుధా బాగున్నాము. నీ మోకాలు ఎలా ఉంది, రుక్మిణి దగ్గు తగ్గిందా, చిన్నమ్మ పూటకు ఏ మాత్రం తింటోంది, ఇవన్నీ విడివిడిగా రాయాలి. "అందరూ క్షేమం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నేను ఒప్పుకోనని నీకు తెలుసు. ఈ మధ్య నువ్వు ఆ ఒక్క ముక్క కూడా రాయడం లేదు. ఎందుకు రాయడం లేదో మన వీధి మునిరత్నం చెప్పాడు. ఆ సంగతికి వస్తాను. ముందు ఇక్కడి విషయాలు వరుసగా విను.

చిక్కడపల్లిలో వాటా బాగానే ఉంది. రెండు గదులు, ఒక వంటిల్లు, గాలి వస్తుంది. చలి మాత్రం మన వైపు చలి కాదు. తెల్లవారి శాలువా లేకుండా వాకిలి ఊడ్వలేకపోతున్నాను. రాగిపిండి ఒక కొట్లో దొరికింది గాని, అందులో ఏం కలిపారో, సంగటి ముద్ద నిలబడదు. ఇంటావిడ ఒకరోజు ఆ ముద్దను చూసి "ఇదేం స్వీటండీ?" అని అడిగింది. తినమని పెట్టాను. మర్యాద కోసం సగం తిన్నది. మంచి మనిషి. మునిరత్నం మళ్ళీ వచ్చేటప్పుడు వాడి చేత మన పిండి, వడమాలపేట సంత శెనక్కాయలు పంపించు. శెనక్కాయలు వేయించవద్దు, పచ్చివే పంపు.

దిగులుగా ఉందా అని మరదలు రుక్మిణి కిందటి కార్డులో అడిగింది. ఉంది. పొద్దున లేచేసరికి మగ్గం చప్పుడు వినిపించదు. మన వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగేది అమావాస్యకో, లేకపోతే ఎవరైనా పోయిన రోజునో కదా. వచ్చిన కొత్తలో ప్రతి ఉదయం 'ఎవరు పోయారు?' అని ఉలిక్కిపడి లేచేదాన్ని. ఇప్పుడు అలవాటైంది. నా గురించి ఏమీ బెంగ పడవద్దని రుక్మిణికి చెప్పు.

ఇక సుధ సంగతి. ఆడపిల్లను ఒక్కదాన్ని ఊరు కాని ఊరికి, అందులోనూ టీవీ నాటకాలు రాయడానికి పంపనని తిరుపతిలో వాళ్ళ నాయన పట్టుపట్టినప్పుడు, తోడు నేను పోతానన్నాను. నువ్వు కూడా "ఈ వయసులో నీకెందుకక్కా" అన్నావు. అన్నావా లేదా? ఇప్పుడు శుక్రవారం శుక్రవారం తెర మీద "రచన: నగరి సుధ" అని పడుతుంటే, బళ్ళో పిల్లలకు అన్నేళ్ళు లెక్కలు చెప్పిన నాకు ఏ బహుమతి రోజునా అంత సంతోషం కలగలేదు. మన ఊరి పేరు అది తనంతట తాను పెట్టుకుంది. నేను చెప్పలేదు.

మునిరత్నం చీరల మూటతో ఈ ఊరు వచ్చి, పోయిన మంగళవారం మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇచ్చి, మన వీధిలో సుధ సీరియల్ 'సందు చివరి ఇల్లు' ఎలా చూస్తున్నారని అడిగాను.

"కత ఎవురు సూసినారు పెద్దమ్మా? అందురూ సీరలే సూసినారు" అన్నాడు. "కోడలు వేషం పాప రాంగానే మాయమ్మ 'అది మరమగ్గం సీరరా, అంచు సూడు' అనింది. కలర్ టీవీ వచ్చినాక మన వీధోళ్ళని మోసం చేసేదానికి లేదు. 'సందు చివరి ఇల్లు' కోసరమని మీ తమ్ముడు మద్రాసు వైపుండే యాంటెనాను శుక్రవారమయితే తిరుపతి వైపు తిప్పిస్తా ఉండె గూడా. అరుగు మీద ఇసకేస్తే రాలదు!"

"మరి ఇప్పుడు?"

వాడు కాఫీ గ్లాసు కింద పెట్టి మూట సర్దుకోబోయాడు. నేను గట్టిగా అడిగితే చెప్పాడు.

"మూడో వారం పెండ్లిచూపులు వచ్చింది కదా పెద్దమ్మా. మామ వేషం వేసినాయన కాబోయే వియ్యపురాలితో మాట్లాడతా మాట్లాడతా ఆయమ్మ కొంగు పట్టుకోని తిప్పి సూసినాడు. ఇంగ సూడు, అరుగంతా 'గోవిందన్నా!' అని ఒకటే అరుపు. నశ్యం డబ్బీ గూడా అదే. నడక గూడా అదే."

"వాడేమన్నాడు?"

"లేసినాడు. టీవీ పెట్టె తలుపులు మూసి తాళం ఏసినాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. 'మీ ఇండ్లకు పోండప్పా' అన్నాడు. ఆ పొద్దు నుంచి తెరవలా. ఆదివారం అరవ సినిమా గూడా లేదు. పిలకాయలు ఆయన పోతా ఉంటే 'కొంగు మామా' అని పిలస్తా ఉండారు."

ఇంతవరకు నేను నవ్వాను. నవ్వు ఆపుకుని, "ఆ పని నిజంగా చేసింది మా అక్క అని వాడు చెప్పలేదా?" అని అడిగాను.

మునిరత్నం తెల్లబోయాడు. "మీరా? మీరేం చేసినారు పెద్దమ్మా?"

అప్పుడు తెలిసింది నాకు. ఒక్క మాటతో బయటపడగలిగిన వాడివి, ఆ మాట అనలేదు. వీధి నిన్ను చూసి నవ్వుతుంటే నా పేరు బయట పెట్టకుండా పడుతున్నావు. ఒరే గోవిందూ, నేను నిన్ను అడిగానా?

సుధను చూడటానికి చిత్తూరు వాళ్ళు నీ ఇంటికి వచ్చిన రోజు నువ్వు నా పక్కనే ఉన్నావు. పిల్లవాడి తల్లి, తను కట్టుకున్నది చేనేత పట్టు అనీ, చెప్పి నేయించామనీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. మన వాళ్ళకు చీర ఎదురుగా ఉంటే చేయి ఊరుకుంటుందా? పెళ్ళికి పోయినా, చావుకు పోయినా, ముందు అంచు వేళ్ళ మధ్య నలిపి, తిప్పి వెనకవైపు చూసిన తరువాతే మనిషి ముఖం చూస్తాము. నేనూ చూశాను. వెనకవైపు అంతా కత్తిరించిన పోగులే. "ఎవురో మిమ్మల్ని మోసం చేసినారమ్మా, ఇది మరమగ్గం చీర" అన్నాను. వాళ్ళు కేసరి సగంలో వదిలి లేచారు. నువ్వు తల పట్టుకుని "అక్కా, పెండ్లి సీరకా, పిల్లకా?" అన్నావు. తలుపు వెనక సుధ నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనన్నది నిజమే. ఈ రోజు అడిగినా అదే చెప్తాను. ఆ తల్లికి ఒక మేలు చేశాననే అనుకుంటున్నాను. సుధ ఆ నవ్వు పట్టుకునే సీరియల్ రాసింది.

కొంగు తిప్పడం నా దగ్గర తీసుకుని, నడక నీ దగ్గర ఎందుకు తీసుకుందని సుధను అడిగాను. "నువ్వు చేస్తే భయమేస్తాదవ్వా, తాత చేస్తే నవ్వొస్తాది" అంది. కనుక ఆ ఘనకార్యం నాది. దాన్ని నీ పేరున వేసుకోవద్దు.

మునిరత్నం మాటలు విన్న దగ్గర నుంచి సుధ సరిగ్గా అన్నం తినడం లేదు. "గోవిందు తాత సూడకపోతే ఇంకెవురు సూసి ఏం లాభం అవ్వా" అంటుంది. నీకు క్షమాపణ రాస్తానంటే నేనే వద్దన్నాను. తప్పు చేయని పిల్ల క్షమాపణ రాయకూడదు.

ఇంకొక సంగతి. వచ్చే శుక్రవారంతో సీరియల్ ఆగిపోతుంది. పదమూడు వారాలు అనుకున్నది ఏడుకే ముగుస్తోంది. ఖర్చు పెట్టే సబ్బుల కంపెనీ మనిషి వచ్చి, ఈ చిన్న ఊరు, ఈ మగ్గం గుంట చూడటానికి బాగా లేవు, కుటుంబాన్ని పట్నంలో మేడకు మార్చి సోఫా వేయమన్నాడు. మన సుధ చేతులు కట్టుకుని, "మేడలో ఆ మామ కూర్చోలేడు సార్, ఆయనకు మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుంటేనే మాట వస్తుంది" అంది. అతను నవ్వాడు గాని కంపెనీ డబ్బు ఆపేసింది. సుధ ఇంటికి వచ్చి ఏడ్చింది. తల నిమిరి, వేడిగా చారన్నం పెట్టి, నువ్వు చేసింది సరైన పని అని చెప్పాను. నీ ఎదుట ఒప్పుకుంటున్నాను, ఆ రోజు నాకు గర్వంతో సగం ముద్ద కూడా దిగలేదు.

చివరి భాగం తీసేటప్పుడు నన్ను స్టూడియోకు తీసుకుపోయింది. కథ ఇది. చెడిన సంబంధం కలుపుకోవడానికి మామ తాను నేసిన చీర తీసుకుని వియ్యపురాలి ఇంటికి పోతాడు. ఆయమ్మ చీర అందుకుని, ఆయన చేసినట్టే అంచు తిప్పి చూస్తుంది. దుస్తుల వాళ్ళు ఏదో దుకాణం చీర తెచ్చారు. సుధ దాన్ని పక్కన పెట్టి, నా పెట్టెలో మడత విప్పకుండా ఉన్న నెమలికంఠం రంగు చీర తెచ్చి ఇచ్చింది. నేను బయలుదేరిన రోజు బస్సు కిటికీలోంచి నువ్వు అందించినది. చేతులు కడుక్కుని ముట్టుకోమని అందరికీ చెప్పాను. కడుక్కున్నారు.

ఆ నటి మంచి పట్టు ఎరిగిన మనిషిలా ఉంది. అంచు తిప్పి చూసి, వేలితో రాసి, మళ్ళీ ఇటు తిప్పి చూసి, ఆ తరువాత తను చెప్పవలసిన మాట మరిచిపోయింది. డైరెక్టరు ఆపమనలేదు. కెమెరాను దగ్గరకు తీసుకుపొమ్మని సైగ చేశాడు. ముందువైపుకూ వెనకవైపుకూ తేడా లేని ఆ నేతపనిని కెమెరా చాలాసేపు చూసింది. అంతా అయ్యాక ఆయన నా దగ్గరకు వచ్చి, "ఎవరు నేశారమ్మా?" అని అడిగాడు.

"మా తమ్ముడు" అన్నాను. నీ పేరూ, ఊరూ చెప్పాను.

ఆయన అక్కడికక్కడే పేర్లు రాసే మనిషిని పిలిపించాడు. చివర పడే పేర్లలో నటులు, సుధ, సంగీతం అయిన తరువాత "చీర నేత: గోవిందప్ప, నగరి" అని వస్తుంది. అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో నేను నిలబడి చూసుకున్నాను.

ఇది మళ్ళీ చూద్దామంటే కుదరదు. టేపులు ఖరీదు కనుక, సీరియల్ అయిపోగానే వాటి మీదే ఇంకో కార్యక్రమం తీస్తారట. శుక్రవారం చూడని వాళ్ళు ఇక ఎన్నటికీ చూడలేరు. అందుచేత నువ్వు చేయవలసినది రాస్తున్నాను. ఆ సాయంత్రం అరుగు కడిగించి చాపలు వేయించు. వీధిలో ప్రతి ఇంటికీ చెప్పిరా, ఆ 'కొంగు మామా' అన్న పిలకాయలను ముందు వరుసలో కూర్చోబెట్టు. ఈ ఉత్తరంలో చిత్తూరు వాళ్ళు వచ్చిన ముక్క అందరికీ వినపడేలా రుక్మిణి చేత చదివించు. తరువాత పెట్టె తలుపులు తెరువు. నడక నీదేనని ఎవరైనా అంటే ఒప్పుకో, అది నీదే. నశ్యం మానమని ఎన్నాళ్ళుగానో చెప్తున్నాను, వినలేదు.

చిన్నమ్మకు నా నమస్కారం చెప్పి, నా తరఫున పాదాలు తాకి దీవెన అడుగు. రుక్మిణికి, పిల్లలకు ఆశీస్సులు. సుధ నీకూ చిన్నమ్మకూ దండాలు పెడుతోంది. దానికి విడిగా ఒక కార్డు రాయి, దీవించి రాయి.

ఇక్కడ మాకు ఉన్నది ఇంటివాళ్ళ పాత నలుపు తెలుపు టీవీ. శుక్రవారం మేమిద్దరం దాని ముందే కూర్చుంటాము. చీర కనబడుతుంది, రంగు కనబడదు. ఆ నెమలికంఠం తెర మీద నువ్వు అద్దిన రంగుగానే వచ్చిందా, నీలంలోకి పోయిందా, పచ్చలోకి పోయిందా? నువ్వు చూసి నాకు రాయాలి.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క,
కామాక్షమ్మ